మిగిలిన అన్నము



వేసవి వచ్చినదనగా మన యిండ్లకు మామిడిపండ్లును, సెలవులకు వచ్చు పిల్లలును, వారి వెంట వాంతులును విరేచనములును వచ్చుట పరిపాటి యైనది. ఎండదెబ్బ యనియు, దిష్టి తగిలినదనియు, అరుగలేదనియు చెప్పుకొని యూరకుందుము. అందు పెక్కింటికి ఎండయు కారణము గాదు, దిష్టియు కారణము గాదు. మన చేతులతో మనము వడ్డించిన యన్నమే కారణము. ఈ మాసమున ఆ సంగతినే వ్రాయదలచితిని. ఇతరులకు నీతులు చెప్పుటకు ముందు నా యింట నా మూలమున జరిగిన పొరపాటును మీ ముందుంచుట న్యాయము.

గత సంవత్సరము వైశాఖమాసమున మా యింట సత్యనారాయణవ్రతము జరిగినది. వచ్చెదమన్న చుట్టములందరును రాలేదు. రాత్రి భోజనములైన పిమ్మట పెద్ద గుండిగలో సగమునకు అన్నము మిగిలిపోయినది. మా కోడలు దానిని చూచి, “అత్తయ్యగారూ! ఇంత యన్నమును ఏమి చేయుదము? ఫ్రిజ్‌లో చోటు లేదు. తెల్లవారునంతవరకు పాడుగాకుండునా?” యని యడిగినది. “అన్నము పరబ్రహ్మస్వరూపము అమ్మాయీ! పారవేయరాదు. మూతపెట్టి యుంచుము. ఉదయమున తాలింపు పెట్టుకొనవచ్చును” అంటిని. ఆమె మారుమాట పలుకక మూత పెట్టినది.

మరునాటి యుదయమున ఆవాలు, సెనగపప్పు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు వేసి ఆ యన్నమునకు కమ్మని తాలింపు పెట్టినది. ఇల్లంతయు ఘుమఘుమలాడినది. ఆ దినము నాకు ఉపవాసము. మా అబ్బాయి పనిమీద పెందలకడనే వెళ్ళిపోయెను. కోడలును, అయిదేండ్ల మనుమడును తొమ్మిది గంటలకు తినిరి. పదకొండు గంటలు కాకమునుపే పిల్లవాడు వాంతి చేసికొనెను. ఒకటి వెంట నొకటిగా గంటసేపటిలో ఆరుమారులు వాంతులైనవి. కన్నులు లోతునకు పోయినవి. నాలుక యెండిపోయినది. పిలిచినను పలుకక నా యొడిలో వాలిపోయెను. కోడలు తానును వాంతులు చేసికొనుచునే వానిని పట్టుకొని కూర్చున్నది.

ఆటోలో వేసికొని ఆస్పత్రికి పోతిమి. అచ్చటి వైద్యురాలు పిల్లవాని చూచి, ఏమి తినెనని యడిగినది. తాలింపన్నమని చెప్పితిని. “ఆ యన్నము ఎన్ని గంటలకు వండినది?” యని మరల నడిగినది. లెక్కించి చూచుకొంటిని. వండినది నిన్నటి సాయంకాలము ఆరు గంటలకు. తిన్నది ఈ యుదయము తొమ్మిది గంటలకు. నడుమ పదునైదు గంటలు. అన్నము వాసన వచ్చినదా యని ఆమె యడుగలేదు. రుచి మారినదా యని యడుగలేదు. ఎప్పుడు వండితిరని మాత్రమే యడిగినది.

దైవానుగ్రహమున సాయంకాలమునకు ఇరువురును తేరుకొనిరి. ఆ యన్నమును దాచుమన్నది నేనే యని మా కోడలు డాక్టరుతో గాని, భర్తతో గాని, తన పుట్టింటివారితో గాని చెప్పలేదు. ఆమె చెప్పకపోవుటయే నా మనస్సును ఎక్కువగా బాధించినది. నలువది యేండ్లుగా వంటయింట మెలగిన నేను, అన్నము మంచిదో చెడినదో ముక్కుతో తేల్చుకొనుటకు అలవాటుపడితిని. ముక్కు చెప్పలేని సంగతి యొకటి గలదని ఆనాడు తెలిసికొంటిని. అదియేదో చిత్తగింపుడు.

మన యన్నమున దాగియుండు సూక్ష్మజీవి పేరు బాసిల్లస్ సీరియస్. 1887వ సంవత్సరమున ఫ్రాంక్లాండు దంపతులు పశువులశాలలోని గాలినుండి దీనిని పట్టి, గుర్తించి, పేరు పెట్టిరి. ఇది మట్టిలో నుండును. మట్టిలో పండిన ధాన్యమునకు అంటుకొని, బియ్యముతోపాటు మన యింటికి వచ్చును. ఎంత కడిగినను పూర్తిగా పోదు. దీనికొక విద్య గలదు. కష్టకాలము వచ్చినప్పుడు గట్టి పెంకు గల బీజముగా మారి నిదురించును. ఎసట పడి అన్నము ఉడుకునప్పుడు సామాన్యమైన సూక్ష్మజీవులు చచ్చును గాని ఈ బీజము చావదు. గాదెలోని విత్తనము తొలకరికొరకు ఎదురు చూచినట్లు, ఇది అన్నము చల్లారి గోరువెచ్చన యగువరకు కాచుకొనియుండి, అప్పుడు మొలకెత్తును. మూతపెట్టిన గుండిగ నడుమ వెచ్చదనము గంటల తరబడి నిలుచును గదా! వేసవి రాత్రి దానికి తోడు. ఇంతకంటె దానికి కావలసినదేమున్నది?

ఒక్క జీవి అరగంటకొకమారు రెండగునని యనుకొని లెక్క వేసి చూడుడు. అయిదు గంటలలో వేయి దాటును. పది గంటలలో పదిలక్షలు దాటును. ఇట్లు పెరిగిన జీవులు అన్నములో నొక విషమును విడుచును. ఆ విషము 121 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో గంటన్నర యుంచినను చెడదు. ప్రెషరు కుక్కరులోని వేడియే దానినేమియు చేయలేనప్పుడు, అయిదు నిమిషముల తాలింపు ఏమి చేయగలదు? జీవులు చచ్చును, అవి విడిచిన విషము నిలుచును. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. తిన్న అరగంట మొదలు ఆరు గంటలలోపల వాంతులు పుట్టించును.

ఇది మా యింటికే పట్టిన దోషము గాదు. 1971వ సంవత్సరము మొదలు ఇంగ్లండులో వేపుడన్నము తిన్నవారు వాంతులతో బాధపడుచుండగా, అధికారులు విచారించి చూచిరి. భోజనశాలలవారు అన్నమును పెద్దమొత్తముగా నొకేమారు వండి, రాత్రియంతయు బయటనే యుంచి, మరునాడు గ్రుడ్డుతో కలిపి క్షణములో వేయించి వడ్డించుచుండిరని తేలినది. అచటి వేపుడు, మా యింటి తాలింపు ఒక్కటే.

ఇందు మనము గ్రహింపవలసిన ముఖ్యవిషయ మొకటి గలదు. ఆహారమును కుళ్ళించు సూక్ష్మజీవులు వేరు, మనుష్యుని జబ్బుపరచు సూక్ష్మజీవులు వేరు. కుళ్ళించునవి దుర్వాసన పుట్టించి, జిగట పట్టించి, తమ రాకను తామే చాటి చెప్పుకొనును. అవి యొక విధముగా మనకు ఉపకారులే. జబ్బుపరచునవి సద్దు చేయవు. కావున వాసన వచ్చినదానిని నిస్సంశయముగా పారవేయుడు. వాసన రానిదానిని గడియారమును చూచి నిర్ణయింపుడు.

అన్నమున కొక్క శత్రువైనచో, తక్కిన వంటకములకు తక్కిన శత్రువులు గలవు. స్టాఫిలోకాకస్ అను జీవి మన ముక్కులోను, చర్మముపైనను, చీముపట్టిన వ్రేలిపైనను నుండును. పాలకోవా, మిఠాయిలు, దద్దోజనము మొదలగు చేతితో కలుపు పదార్థములలో చేరి విషము విడుచును. దీని విషమును గూడ మరుగబెట్టుటచే పోగొట్టలేము. సాల్మొనెల్లా అనునది కోడిగ్రుడ్లలోను, కోడిమాంసములోను నుండి, జ్వరమును విరేచనములను కలిగించును. బాగుగా నుడికించినచో నిది చచ్చును. క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనునది పెండ్లిండ్లలో పెద్ద పెద్ద పాత్రలతో వండి, మెల్లగా చల్లారనిచ్చిన మాంసపుకూరలయందు పెరిగి, ఆరు మొదలు ఇరువదినాలుగు గంటలలోపల కడుపునొప్పిని విరేచనములను తెచ్చును. వైద్యులు ఏమి తింటిరి, ఎప్పుడు తింటిరని మొదటనే యడుగుటకు కారణమిదియే. పెండ్లిభోజనమున పదిమందికి ఒకేమారు జబ్బు చేసినప్పుడు, తిన్న వేళయు జబ్బుపడిన వేళయు వ్రాసి యుంచుకొనుట మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015వ సంవత్సరమున ప్రకటించిన లెక్కల ననుసరించి, కలుషితాహారముచే ఏటేట 60 కోట్ల మంది జబ్బుపడుచున్నారు. 4 లక్షల 20 వేల మంది మరణించుచున్నారు. ఆ మరణించువారిలో 1 లక్ష 25 వేల మంది అయిదేండ్లలోపు పసిబిడ్డలు. మా మనుమని వయస్సు వారన్నమాట. ఈ సంగతి ప్రజలకు జ్ఞాపకము చేయుటకై 2019వ సంవత్సరము మొదలుకొని జూన్ 7వ తేదీని ప్రపంచ ఆహార భద్రతా దినముగా జరుపుచున్నారు.

“మా అవ్వలు తాతలు చద్దన్నము తిని నూరేండ్లు బ్రతికిరి గదా!” యని మీలో కొందరు అడుగవచ్చును. నేనును ఆస్పత్రి వరండాలో కూర్చుండి ఆ ప్రశ్నయే వేసికొంటిని. ఆలోచించిన కొలది మన పూర్వుల తెలివి నాకు బోధపడినది. పులిహోర చేయునప్పుడు అన్నమును గుండిగలోనే కలుపుట గలదా? వెడల్పైన పళ్ళెములలో పరచి, ఆరబెట్టి, అటుపిమ్మట చింతపండు పులుసు కలుపుదురు. పరచుటచే అన్నము త్వరగా చల్లారును. పులుపు సూక్ష్మజీవులను పెరుగనీయదు. దూరప్రయాణములకు పులిహోరను కట్టి యిచ్చిన కారణమదియే. రాత్రి మిగిలిన యన్నమున నీరును మజ్జిగయు పోసి పులియబెట్టుదురు. అదియు పులుపు చేయు రక్షణయే. ఊరగాయకు ఉప్పు, నూనె, పులుపు మూడును కావలి కాయుచుండును. రాత్రియే మజ్జిగ పడిన చద్ది వేరు. రాత్రియంతయు వట్టిగా మూతక్రింద మ్రగ్గి, ఉదయమున తాలింపు పడిన యన్నము వేరు. మనము వారి చద్దిని విడిచిపెట్టి, మిగులు దాచు అలవాటును మాత్రము ఉంచుకొంటిమి. అయినను పసిపిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు, వృద్ధులకు, రోగపీడితులకు తాజాగా వండినదే శ్రేయస్కరము.

ఇక మన మాచరింపదగిన పద్ధతులు. సెంటిగ్రేడు 5 డిగ్రీలకు 60 డిగ్రీలకు నడిమి వేడి సూక్ష్మజీవులు పెరుగుటకు అనుకూలమైనది. కావున వండిన పదార్థము పొగలు గ్రక్కునంత వేడిగా నైన నుండవలయును, ఫ్రిజ్‌లోని చల్లదనమున నైన నుండవలయును. ఈ రెంటికి నడుమ, గోరువెచ్చగా, రెండు గంటలకు మించి యుంచరాదు. గాలి వేడి 32 డిగ్రీలు దాటిన దినములలో ఒక గంటయే గడువు. మన వేసవి మధ్యాహ్నములు అన్నియు అట్టివే గదా!

మిగిలినదానిని దాచదలచినచో, గుండిగతో గుండిగగా ఫ్రిజ్‌లో పెట్టకుడు. వెడల్పైన పళ్ళెములలో రెండు వ్రేళ్ళ మందమునకు మించకుండ పరచి, ఆవిరి పోగానే చిన్న గిన్నెలలోనికి తీసి, మూతపెట్టి లోపల నుంచుడు. అన్నమును మరునాటిలోపల తినివేయవలయును. తీసినప్పుడు కావలసినంత మాత్రమే తీసి, నడుమ భాగము గూడ పొగలు వచ్చునట్లు కాచి, ఒక్కమారే వాడవలయును. కాచినది మిగిలినచో మరల దాచరాదు. ఫ్రిజ్‌ను గొంతువరకు నింపినచో చల్లగాలి తిరుగుటకు తావుండదు. వండినవి పై యరలోను, పచ్చిమాంసము, చేపలు క్రింది యరలో మూతగల గిన్నెలోను ఉంచవలయును. పచ్చిమాంసపు నీరు వండినదానిపై బొట్టుగూడ పడరాదు. విద్యుత్తు పోయినప్పుడు తలుపు తీయకుండినచో చల్లదనము సుమారు నాలుగు గంటలు నిలుచును. అంతకుమించి పోయినచో లోపలనున్న పాలు, కూరలు, మాంసము మొదలగువాటిని నమ్మరాదు.

గడియారము తరువాత చూడవలసినది మన చేయి. ఇందులకొక చరిత్ర చెప్పెదను. 1906వ సంవత్సరమున న్యూయార్కు నగరమునకు చేరువను ఓయిస్టర్ బే యను గ్రామమున వేసవి గడప వచ్చిన యొక సంపన్నుని యింట ఆరుగురికి టైఫాయిడు జ్వరము వచ్చినది. జార్జి సోపర్ అను నాతడు విచారించి, ఆ యింట వంట చేసిన మేరీ మేలన్ అను స్త్రీయే కారణమని కనుగొనెను. అంతకుముందు ఆమె వంట చేసిన పెక్కు కుటుంబములయందును ఆ జ్వరము తలచూపినది. చిత్రమేమనగా ఆమె మాత్రము దృఢముగా, ఆరోగ్యముగా నుండెను. రోగము లేకయే రోగబీజములను మోయుచుండెను. 1907లో ఆమెను నిర్బంధించి, ఇక వంట చేయనని మాట తీసికొని 1910లో విడిచిరి. 1915లో మరియొక పేరుతో స్త్రీల యాస్పత్రిలో వంట చేయుచు పట్టుబడినది. అటుపిమ్మట 1938లో చనిపోవువరకు నిర్బంధముననే యుండెను. ఆమెను తలచికొన్నప్పుడు నాకు కోపము రాదు, జాలి కలుగును. తన చేతివంట ఒకరికి కీడు చేయునని ఆమె నమ్మలేకపోయినది. మనలో ఎవరు నమ్మగలరు?

కావున మరుగుదొడ్డికి పోయి వచ్చినప్పుడు, బిడ్డకు కడిగినప్పుడు, మాంసమును గాని గ్రుడ్లను గాని ముట్టుకొన్నప్పుడు, రూపాయలను, సెల్‌ఫోనును తాకినప్పుడు సబ్బుతో ఇరువది సెకండ్లైన రుద్ది కడుగుకొని యటుపిమ్మట వంట ముట్టుకొనవలయును. మడికట్టుకొన్నంత మాత్రమున చేయి శుభ్రమైనదని తలంపరాదు. వ్రేలు తెగినచో కట్టు కట్టుకొనవలయును. విరేచనములతో బాధపడుచున్నవారు వంటకు దూరముగా నుండవలయును. పొయ్యి దగ్గర వ్రేలాడు మసిగుడ్డను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. చేయియు దానికే, గిన్నెయు దానికే, గట్టుపై నీరును దానికే! దానిని దినదినమును ఉతికి యెండలో వేయవలయును.

మాంసాహారులైన సోదరీమణులు పచ్చిమాంసము కోయు కత్తిని, పీటను కూరగాయలకు వాడరాదు. కోడిమాంసమును కొళాయి ధారక్రింద కడుగుటచే సూక్ష్మజీవులు తుంపరలతోపాటు చుట్టునున్న గిన్నెలపై పడును. కడుగక తప్పదనుకొన్నచో గిన్నెలోని నీట మెల్లగా కదిపి, ఆ నీటిని నెమ్మదిగా పారబోసి, తొట్టిని సబ్బుతో తోమవలయును. ముక్క యెముకవద్ద ఎఱ్ఱదనము పోవునంతవరకు ఉడుకవలయును. గడ్డకట్టిన మాంసమును గట్టుపై బెట్టి కరుగనీయక, ఫ్రిజ్ క్రింది యరలోనే కరుగనీయవలయును. పచ్చిగ్రుడ్డుతో చేయు మయొనైజ్ అను పచ్చడివంటి పదార్థమును పిల్లలు మోమోలకును షవర్మాకును అద్దుకొని తినుటకు మరగిరి. దీనివలన జబ్బులు కలుగుచున్నవని తెలంగాణ ప్రభుత్వము 2024వ సంవత్సరము అక్టోబరులో పచ్చిగ్రుడ్డు మయొనైజ్‌ను ఒక సంవత్సరముపాటు నిషేధించినది. ఇంట చేసినను అపాయ మపాయమే.

పచ్చిగా తిను కొత్తిమీర, పుదీన, దోసకాయ మొదలగువాటిని మంచినీటితో పలుమారులు కడుగవలయును. నీటిపై సందేహమున్నచో తెరలి మరిగిన పిమ్మట ఒక నిమిషమైన మరుగనిచ్చి, మూతపెట్టి చల్లార్చుకొనవలయును. కొబ్బరిపచ్చడిని ఏ పూటకాపూట నూరుకొనుడు. మరియొక సంగతి. కళాయి పోయిన యిత్తడి పాత్రలలోను రాగి పాత్రలలోను పులుసు, చారు, మజ్జిగ వంటి పుల్లని పదార్థముల నుంచరాదు. పులుపునకు లోహము కరగి దిగి, వాంతులు కలుగును. ఇది సూక్ష్మజీవుల పని కాదు. మన యజాగ్రత్త పని.

పురిటింట బిడ్డ పుట్టగానే తేనె నాకించు ఆచారము మనలో గలదు. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్కయైనను పెట్టరాదు. తేనెలో క్లాస్ట్రీడియం బొట్యులినం అను జీవి బీజములు ఉండవచ్చును. పెద్దల కడుపులో నవి మొలకెత్తవు గాని, పసికందుల ప్రేవులలో మొలకెత్తి విషము పుట్టించి, నరములను పడవేయును. బిడ్డ మెడ నిలుపలేక, పాలు కుడువలేక, ఊపిరియే కష్టమగును. మొదటి ఆరు మాసములు తల్లిపాలే చాలును; నీరుగూడ అక్కరలేదు. ఈ సంగతి పెద్దలకు నొచ్చుకొనకుండ చెప్పుట కష్టమే. నా వంటి అత్తగారు ఈ పుటను చదివి తానే మానుకొన్నచో, కోడలికి ఆ కష్టము తప్పును.

ఎంత జాగ్రత్తపడినను జబ్బు చేసినచో నేమి చేయవలయును? వాంతులవలన విరేచనములవలన ప్రాణము తీయునది ముఖ్యముగా ఒడలిలోని నీరును ఉప్పును పోవుటయే. 1971వ సంవత్సరమున బంగ్లాదేశపు యుద్ధకాలమున బనగావ్ కాందిశీకుల శిబిరమున కలరా చెలరేగినప్పుడు, నరమునకెక్కించు సెలైను చాలక, దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పును గ్లూకోజును కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి త్రాగించెను. నూటికి సుమారు ముప్పదిమంది చనిపోవుచుండినచోట మరణములు నూటికి నాలుగింటిలోపునకు దిగినవి. ఆ నీరే నేడు మనము ఓ.ఆర్.ఎస్. అని పిలుచునది. పొట్లమును లీటరు మంచినీటిలో మొత్తముగా నొకేమారు కలుపవలయును. పొట్లము లేనిచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్నచెంచాల పంచదారయు, అరచెంచా ఉప్పును తలగొట్టి కొలిచి కలుపవలయును. ఉప్పు ఎక్కువైనచో హాని. ఏ దినమునకా దినము క్రొత్తగా కలుపుకొనవలయును. వాంతియైనచో పది నిమిషములాగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టవలయును. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపరాదు. దుకాణములలో ఓ.ఆర్.ఎస్. అను పేరు పెట్టుకొని తీపి పానీయములు అమ్ముచుండిరి. అట్లు ఆ పేరు వాడరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025వ సంవత్సరము అక్టోబరులో ఉత్తరువు చేసినది. కొనునప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ననుసరించినదా యని పొట్లముపై చదివి కొనుడు.

విరేచనములో రక్తము పడినను, బిడ్డ ఆరుగంటలు మూత్రము పోయకున్నను, కన్నులు లోతునకు పోయి మగతగా నున్నను, త్రాగినదంతయు కక్కుచున్నను, జ్వరము తీవ్రమైనను, చూపు మసకబారినను, రోగి గర్భిణియైనను ఇంటివైద్యముతో కాలయాపన చేయక ఆస్పత్రికి పోవలయును. విరేచనములను కట్టించు మాత్రలను పిల్లలకు మీ అంతట మీరు వేయకుడు.

ఇక నా మనస్సులోని మాట చెప్పి ముగించెదను. మన యిండ్లలో మిగిలినదానిని తినునది ఎవరు? అందరికిని వేడిగా వడ్డించి, కట్టకడపట గిన్నెల దగ్గర కూర్చుండి, నిన్నటి కూరయు మొన్నటి పప్పును ముందు వేసికొనునది గృహిణియే. “పారవేయుట కెందుకు, నేను తినివేసెదను” అను మాటను నా తల్లి నోట వింటిని, నేనును అంటిని, మా కోడలును అనుచున్నది. ఆ మాటలో పొదుపున్నది, ప్రేమయు నున్నది. కాని జబ్బుచేసిన యిల్లాలికి అయిన ఖర్చుతో ఎన్ని మానికల బియ్యము వచ్చునో లెక్కింపుడు. ఆమె మంచమెక్కిన నాడు ఇల్లు ఎట్లు గడచునో తలంపుడు. ఇతరులకు పెట్టదగనిదైనచో అది మనకును తినదగనిదే.

అన్నము పరబ్రహ్మస్వరూపమే. ఆ మాటను నేను విడువలేదు. అయితే అన్నమున కపచారము జరుగునది పారవేసిననాడు కాదు. లెక్క లేక ఎసట పోసిననాడు. గుండిగ దగ్గర నిలిచి ఎవరు వచ్చెదరు, ఎవరు తిందురని యోచింపక ధారాళముగా కొలిచి, రాత్రి పారవేయుటకు చేతులాడక మూతపెట్టిన దోషము నాది. కొలతలో జాగ్రత్త చూపినవారికి పారవేయవలసిన పని యుండదు.

ఈ సంవత్సరము మరల వ్రతము జరిగినది. సగము బియ్యమునే మొదట ఎసట పోయించితిని. చుట్టములు వచ్చి కూర్చున్న పిమ్మట తక్కినదానికి పొయ్యి వెలిగించితిమి. కొంత ఆలస్యమైనది, ఎవరును కోపగింపలేదు. అయినను నాలుగు గిద్దెల యన్నము మిగిలినది. కోడలు దానిని పళ్ళెమున పరచి ఆరబెట్టి, గిన్నెకెత్తి, మూతపై చిన్న కాగితమంటించి వండిన వేళను వ్రాసి ఫ్రిజ్‌లో పెట్టినది. మా మనుమడు ఇప్పుడు గడియారము చూచుట నేర్చినాడు. ప్రతి యుదయమును ఫ్రిజ్ తలుపు దగ్గర నిలిచి, “నాయనమ్మా! ఈ యన్నము ఎన్ని గంటలది?” యని యడుగుచున్నాడు. ఆ ప్రశ్న వినినప్పుడెల్ల నాకు సిగ్గును సంతోషమును రెండును కలుగుచున్నవి.

వచ్చు మాసమున, వానలు పడునాటికి, ఇంటి త్రాగునీటిని గూర్చి వ్రాసెదను.